ఢిల్లీ దాకా ఎందుకు?

స్వలింగ జంటల పెళ్లిపై 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసు, హైదరాబాద్‌లో కలిసి బతుకుతున్న సుప్రియో, అభయ్‌ల పేరుతో నడిచింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులూ అన్నారు. చట్టం చేయడం శాసనకర్తల పని అన్నారు. శాసనకర్తలంటే పార్లమెంటేనని మనమంతా అనేసుకున్నాం. కానీ పెళ్లి, వారసత్వం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఐదో అంశం. అసెంబ్లీలకూ చట్టం చేసే అధికారం ఉందని ఆ ఐదుగురిలో ఒకరైన జస్టిస్ చంద్రచూడ్ తన తీర్పులో రాశారు కూడా.

అధికారం ఉన్నా అసెంబ్లీకి అంత తెగువ ఉంటుందా అంటారు. మన ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ ఒకసారి చూపించింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. పార్లమెంటు అదే పని 2005లో చేసింది. బోధన్ చెరుకు పొలాల పహాణీల్లో ఆడపిల్లల పేర్లన్నీ ఎక్కాయా అంటే, లేదు. పసుపు కుంకుమల కింద ఇచ్చేశామని సంతకం పెట్టించుకునే అన్నదమ్ములు ఇప్పటికీ ఉన్నారు. కానీ కోర్టుకెక్కే కూతురి చేతిలో ఆ చట్టముంది. పైగా అది ఒకరి వాటా తగ్గించి ఇంకొకరికిచ్చిన చట్టం. ఇద్దరు మగవాళ్లో, ఇద్దరు ఆడవాళ్లో జంటగా నమోదైతే పక్కింటివాళ్ల గుంట భూమి కూడా తగ్గదు.

సంప్రదాయం ఒప్పుకోదన్నది పెద్ద అభ్యంతరం. సుప్రియో కేసులో అభిప్రాయం అడిగితే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మతపెద్దలను సంప్రదించి వద్దంది. గుడిలోనో మసీదులోనో జరిపించమని ఎవరూ అడగడం లేదు. అడిగేది రిజిస్ట్రార్ ఆఫీసు కాగితం. తమిళనాడు అసెంబ్లీ 1967లో పురోహితుడు లేని ఆత్మగౌరవ పెళ్లిళ్లకు చట్టబద్ధత ఇచ్చింది, పురోహితుల పెళ్లిళ్లేమీ ఆగలేదు. ఇక, సర్క్యులర్లు చాలవా అనేవాళ్లున్నారు. స్వలింగ జంటలు ఉమ్మడి ఖాతా తెరవొచ్చని, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. మంచిదే. కానీ నామినీ డబ్బు తీసుకుంటాడే గానీ వారసుడు కాడు. రేపు వీలునామా లేకుండా చనిపోయినవాడి అన్న కొడుకు వచ్చి అడిగితే ఇచ్చేయాల్సిందే. గట్టి అభ్యంతరం ఒక్కటే: కేంద్ర చట్టంతో పేచీ వస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి, అది రాకపోవచ్చు. అయితే వివాహ చట్టాల జోలికి పోకుండానే చేయగలిగింది చాలా ఉంది. నిజామాబాద్ ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు పక్కనుండి సంతకం పెట్టేదెవరు, రాష్ట్ర ఉద్యోగి పోతే కుటుంబ పింఛను ఎవరికి అన్నవి హైదరాబాద్‌లో రాసుకునే నిబంధనలు. మన అసెంబ్లీ తెచ్చే మొదటి బిల్లు అంతవరకే ఉన్నా నాకు అభ్యంతరం లేదు.