డేటా లాగరు చెప్పేదీ, చెప్పలేనిదీ
(సిగ్నల్, టెలికాం, తపాలా శాఖల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రిలే గదిలోని డేటా లాగరును మనం సాధారణంగా ఛార్జిషీటు చేతికి వచ్చిన తర్వాతనే తలుచుకుంటాము. ఈనాడు దానిని ముందుగానే పరిచయం చేసుకుందాము.

సిగ్నళ్లకు, పాయింట్లకు, ట్రాక్ సర్క్యూట్లకు చెందిన రిలేలు పికప్ అయినవా, డ్రాప్ అయినవా అన్నది లాగరు 16 మిల్లీసెకండ్ల కొకసారి చూస్తుంది. మార్పు కనబడితే వేళతో సహా వ్రాసుకుంటుంది. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఉన్నచోట ఈ సమాచారం ప్రోటోకాల్ కన్వర్టరు ద్వారా లాగరును చేరి, అక్కడినుండి డివిజన్ కేంద్రానికి పోతుంది. కన్వర్టరు ఈ రెండింటి నడుమ వంతెన వంటిది. అది తెగినప్పుడు కేంద్రంలో మిగిలేది ఖాళీ మాత్రమే. లోపం స్టేషనుదా, లింకుదా తేలాలంటే ఆ వంతెన సైతం తన రికార్డు తాను వ్రాసుకోవాలి: ఏ సందేశం ఎప్పుడు వచ్చినది, ఎప్పుడు పోయినది, సంబంధం ఎప్పుడు తెగి ఎప్పుడు కలిసినది. ఇరువైపుల గడియారాలు కలవకుంటే ఫలితం ముందూ, కారణం తర్వాతా జరిగినట్లు కనిపిస్తుంది. లోపం రాగానే స్విచ్ ఆపి తిరిగి వేయడం మనవారి అలవాటు. పైనుండి ఫోన్లు మోగుతూ ఉంటే ఎవరైనా అదే చేస్తారు! కాని తాత్కాలిక జ్ఞాపకంలో ఉన్న రికార్డు ఆ దెబ్బతో పోతుంది. ముందు నకలు తీయండి, తర్వాతనే రీసెట్.

రికార్డు ఉన్నంతమాత్రాన సత్యం ఉన్నట్లేనా? 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను మీద పచ్చ సిగ్నలు ఇవ్వబడినది. 17వ నంబరు క్రాస్‌ఓవరు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉన్నది. 290 మందికి పైగా మరణించారు. ఉమ్మడి పరిశీలన నివేదికలో ఒక సిగ్నల్ ఇంజనీరు, లాగరు ప్రకారం పాయింటు మెయిన్ లైనుకే ఉన్నదని భిన్నాభిప్రాయం వ్రాశారు. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. లాగరు పాయింటును చూడదు. పాయింటును గురించి రిలే చెప్పే మాట వింటుంది. గుమ్టీలో గతంలో జరిగిన సర్క్యూటు మార్పులలోనూ, 94వ గేటు బారియర్ మార్చే పనిలోనూ లోపాలున్నవని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది. తీగ తప్పుగా కలిస్తే రిలే అబద్ధమాడుతుంది, లాగరు ఆ అబద్ధాన్ని నిజాయితీగా వ్రాసుకుంటుంది. పాయింటును కంటితో చూసి ప్యానెల్‌తో సరిపోల్చే పరీక్షకు బదులు లేదు. ఆ పరీక్షకు తగినంత సమయం, సిబ్బంది ఇవ్వడం యాజమాన్యం బాధ్యత.

తపాలా సోదరులకు బ్రిటన్ ఉదంతం తెలిసే ఉంటుంది. హొరైజన్ కంప్యూటరు లెక్కలను నమ్మి 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లను దోషులను చేశారు. ఆ వ్యవస్థలో దోషాలున్నవనీ, శాఖ లెక్కలను బయటినుండి మార్చే వీలున్నదనీ 2019లో అక్కడి హైకోర్టు తేల్చినది.

కనుక విచారణకు నిలబడిన ప్రతి ఉద్యోగికి సారాంశం కాక పూర్తి రికార్డు, లింకు తెగిన వేళలతో సహా, నకలుగా ఇవ్వాలని మనం కోరుతున్నాము. గడియారాలు సరిచేసిన రిజిస్టరు కూడా చూపాలి. శాఖా కార్యదర్శులు తమ స్టేషన్లలో లాగరు గడియారాన్ని చివరిసారి ఎప్పుడు సరిచేశారో కనుక్కొని, వచ్చే సమావేశానికి వ్రాసుకొని రావలసినదిగా కోరుతున్నాము.