మణికట్టులో నలుగు నరము
(రజతోత్సవ సందర్భమున గావింపబడిన ఉపన్యాస పాఠము)



అర్ధరాత్రి దాటిన వేళ నిద్రనుండి లేచి కూర్చుండి, తడిచేతిని విదల్చినట్లు చేతిని విదల్చుకొను స్త్రీలు పల్లెలలో పెక్కుమంది కలరు. వ్రేళ్లలో చీమలు ప్రాకినట్లు తిమ్మిరి, మంట, పోటు. కొంతసేపు విదల్చిన పిమ్మట తగ్గును. కన్ను మూతపడగానే మరల మొదలగును. తెల్లవారి కల్లాపి చల్లి పనిలో పడిన తరువాత ఆ సంగతి ఎవ్వరితోను చెప్పరు. అడిగినచో వాతమందురు. ఇది వాతము కాదు. మణికట్టులో ఒక నరము నలుగుచున్నది. వైద్యులు దీనిని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అని వ్యవహరింతురు.

మణికట్టునందు ఎనిమిది చిన్న యెముకలు దోనె వలె వంగియుండును. అరచేతి వైపున ఒక దళసరి పట్టీ ఆ దోనెకు మూతవలె బిగిసియుండును. ఆ యిరుకు సొరంగములో వ్రేళ్లను ముడుచు త్రాళ్లవంటి స్నాయువులు తొమ్మిదియు, మీడియన్ అను నరమును సాగిపోవును. లోపల వాపు వచ్చినను, నీరు చేరినను ఎముక జరుగదు, పట్టీ సాగదు. అన్నిటికంటె మెత్తనిది నరము. కనుక నలుగునదియు అదియే.

ఈ నరము బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి, నడిమివ్రేలికి, ఉంగరపువ్రేలిలో సగమునకు స్పర్శ నిచ్చును. చిటికెనవ్రేలికి దీనితో సంబంధము లేదు. ఆ యొక్క వ్రేలు తప్ప తక్కినవి తిమ్మిరెక్కుచున్నచో మణికట్టును అనుమానింపవలెను. చిటికెనవ్రేలును మొద్దుబారినచో మోచేతివద్దనో మెడవద్దనో దోషముండవచ్చును. చర్మముపై స్పర్శలేని మచ్చ యున్నచో కుష్ఠు పరీక్ష చేయించుకొనవలెను. ఇందులో సిగ్గుపడవలసినది లేదు, దాని మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగ లభించును.

ముంజేతి యెముక విరిగి అతికిన తరువాత ఈ నరము నలుగుటను 1854లో ఆంగ్లవైద్యుడు జేమ్స్ పేజెట్ వర్ణించెను. 1913లో ఫ్రాన్సు దేశీయులు పియరీ మరీ, ఫోయి అనువారు మృతుని చేతిని పరీక్షించి, పట్టీని కోసినచో నరము దక్కునని సూచించిరి. అయినను పలువురు వైద్యులు దోషమును మెడలోనే వెదకుచుండిరి! 1950 తరువాత అమెరికాలో జార్జి ఫాలెన్ ఈ జబ్బును లోకమునకు చక్కగా తెలియజెప్పెను. ఆయన పేర నున్న పరీక్ష ఎవరైనను చేసికొనదగినది. రెండు మణికట్టులను క్రిందికి వంచి, చేతుల వెనుక భాగములను ఒకదాని కొకటి ఆనించి ఒక నిమిషము ఉంచవలెను. ఆలోగా పై వ్రేళ్లలో తిమ్మిరి పుట్టినచో వైద్యుని చూడవలెను.

పురుషులకంటె స్త్రీలకు ఇది యెక్కువ. గర్భిణులకు వచ్చినది చాలవరకు ప్రసవానంతరము పోవును. మధుమేహము, థైరాయిడ్ లోపము, కీళ్లవాతము కలవారికి సులభముగ వచ్చును. కావున ఆ పరీక్షలు చేయింపక చేతికి మాత్రమే మందు వ్రాయుట చాలదు. మణికట్టును వంచి, వ్రేళ్లను బిగించి గంటలకొలది చేయు పనులును, రాతిని తొలుచు యంత్రముల అదురును దీనిని పెంచును. వేయి బీడీలకింత యని కూలి పుచ్చుకొను తెలంగాణ స్త్రీలకు చేతికి విశ్రాంతి యిమ్మని చెప్పుట తేలిక, ఇచ్చుట కష్టము. అయినను నడుమ నడుమ కొన్ని నిమిషములు చేయి చాచుకొనుటకు ఖర్చు లేదు.

తొలి చికిత్స చౌకయైనది. నిద్రలో మణికట్టు వంగియుండుటచే బాధ హెచ్చును గనుక, దానిని తిన్నగా నిలుపు బద్దపట్టీని రాత్రులందు కొన్ని వారములు కట్టుకొనవలెను. అది వ్రేళ్లకు అడ్డురాకూడదు, మిక్కిలి బిగియరాదు. దీనితో తగ్గనిచో వైద్యుడు సొరంగములో స్టిరాయిడు సూది వేయును. మధుమేహులకు దానివలన కొన్నాళ్లు రక్తములో చక్కెర పెరుగును. నరముల బలమునకని అమ్ము టానిక్కులు ఇరుకైన సొరంగమును వెడల్పు చేయజాలవు. వాతలు పెట్టుట మొద్దుబారిన చేతిపై మరియొక పుండు చేయుటయే.

ఆలస్యమే యిందులో ప్రమాదము. మొదట తిమ్మిరి వచ్చి పోవుచుండును, తరువాత నిలిచిపోవును. ముగ్గుపిండి చిటికెలో నిలువక గీత తెగును. సూదిలో దారమెక్కదు. వేడిగిన్నె కాలినను వ్రేలికి తెలియదు. బొటనవ్రేలి మొదలునందలి కండ కరగి పల్లమగును. అప్పటికి నరము చాలవరకు చెడియుండును. ఆపైన శస్త్రచికిత్స చేసినను పోయిన బలమంతయు తిరిగి రాకపోవచ్చును.

శస్త్రచికిత్స యనగానే చేయి పోవునని భయపడువారు కలరు. చేతికి మాత్రమే మత్తిచ్చి ఆ పట్టీని కోసి వదలుదురు, నరమును కోయరు. సాధారణముగ నాడే యింటికి రావచ్చును. కుట్లు రెండు వారములలోపల తీయుదురు. వ్రేళ్లను మొదటి దినమునుండియే కదల్చవలెను. రాత్రి పోటు చాలమందికి త్వరగానే శమించును. తిమ్మిరి వదలుటకు నెలలు పట్టవచ్చును. నీళ్లబిందె యెత్తుట మాత్రము కొన్ని వారములు ఇంటిలో వేరొకరు చూచుకొనవలెను.