గీజర్ అడుగున కారుతోందా?

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు స్థిరపడిన మన తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఇప్పుడు గీజర్ మామూలే. దాని అడుగున నీటిచుక్కలు కనిపిస్తే ముందు మెయిన్ ఆఫ్ చేయండి. గీజర్ స్విచ్ ఒక్కటే చాలదు. మెయిన్ ఆఫ్ చేయాలి. ఎందుకంటే నీళ్లు కారేచోటే కరెంటు వైర్లు ఉంటాయి.

తర్వాత నీళ్లొచ్చే వాల్వు కట్టేయండి. నీళ్లు చల్లారాక ట్యాంకు ఖాళీ చేయండి. అడుగు మూత తీస్తే హీటింగ్ ఎలిమెంటు బిగించిన ప్లేటు కనిపిస్తుంది. ప్లేటుకూ ట్యాంకుకూ మధ్య రబ్బరు గాస్కెట్ ఉంటుంది. చాలాసార్లు తప్పు దానిదే. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, అంచుల్లో పగులుతుంది. గోటితో నొక్కినా దిగదు. ఎలిమెంటు మీద తెల్లగా సున్నం పేరుకుంటుంది, బోరు నీళ్లయితే మరీను. అది గీకేసి, ప్లేటు కూర్చునే అంచు శుభ్రంగా తుడవండి. పాత గాస్కెట్ పట్టుకెళ్లి సరిగ్గా అదే సైజు తెచ్చుకోండి. పైన ఎం-సీల్ పూసి సరిపెట్టకండి. కొత్తది అమర్చి, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించండి.

ఇక ముఖ్యమైన మాట. ట్యాంకు నిండి, వేడినీళ్ల కుళాయిలో ధార వచ్చాకే కరెంటు. ఖాళీ ట్యాంకులో ఎలిమెంటు కాలిపోతుంది. ట్యాంకే తుప్పుపట్టి కారుతుంటే గాస్కెట్ మార్చీ లాభం లేదు. వైర్లు విప్పడం అలవాటు లేనివాళ్లు మెయిన్ ఆపి, వాల్వు కట్టి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.