నడిచే దారి కూడా హక్కే



మైనారిటీ హక్కులనగానే విద్య, ఉద్యోగం, వక్ఫ్ ఆస్తులు మనకు స్ఫురిస్తాయి. క్షేమంగా నడిచే దారిని కూడా ఆ వరుసలో చేర్చాలని ఈ సభకు మనవి చేస్తున్నాము.

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి, రాళ్లు పరచి, పాదచారులకు చోటు కల్పించారు. సంతోషం. అయితే ఆ పక్కనే ఉన్న గల్లీలలో మన పిల్లలు, వృద్ధులు వాహనాల నడుమ సందు వెతుక్కుంటూ నడుస్తున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. యాకుత్‌పురాలో, ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ స్టేషన్లున్నాయి. కానీ స్టాపు దాకా నడవలేని తల్లికి ఉచిత టికెట్టు ఏం మేలు చేస్తుంది? దారి భయంతో బాలికను బడి మాన్పిస్తే ఆ నష్టం ఎలా పూడుతుంది? కారు లేని ఇళ్లే అధికమైన మన బస్తీలలో, నడక సాగక అప్పు చేసి బండి కొనే కుటుంబాలెన్నో ఉన్నాయి.

చట్టం మన పక్షాన ఉన్నది. రోడ్డుపై చోటును వాహనాలకు కాక మనుషులకు కేటాయించాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. ఫుట్‌పాత్‌ను వినియోగించుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫుట్‌పాత్ పేరిట తోపుడు బండ్ల పేదలను తరిమివేయడానికి మనం అంగీకరించరాదు. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే పూర్తికాకుండా వారిని తొలగించరాదు. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా విక్రేతలే ఉండాలి. వారిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం దక్కాలి. ఆ స్థానాలు మన విక్రేతలకు దక్కాయా లేదా అని విచారించడం మన బాధ్యత.

కార్యక్రమం మన వాకిలి నుండే మొదలు కావాలి. మస్జిదుకు వేసే ప్రతి అడుగుకూ పుణ్యమున్నదని, దారిలోని హానిని తొలగించడం దానమని ప్రవక్త (స) బోధించారు. కనుక పది నిమిషాల దూరంలో ఉన్నవారు, నడవగలిగినవారు, జుమాకు నడిచి రావాలి. రోడ్డుకు అడ్డంగా బండ్లు నిలపరాదని ప్రతి కమిటీ ప్రకటించాలి. మనం ఆక్రమించిన దారిని మనం వదలనిదే అధికారులను అడిగే నైతిక బలం మనకు రాదు.

తరువాత మహిళలను, వృద్ధులను, వికలాంగులను వెంటబెట్టుకొని మొహల్లా అంతా నడవాలి. మూతలేని మ్యాన్‌హోళ్లు, విరిగిన పలకలు, దీపాలు లేని మలుపులు, దాటడానికి వీలులేని బడి కూడళ్లు రాసుకోవాలి. ఆ జాబితాను వార్డు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. చర్య లేకుంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయాలి. సాధారణంగా 30 రోజులలో సమాధానమివ్వడం అధికారి విధి. నోటి మాట మరుగున పడుతుంది, రసీదు ఉన్న కాగితానికి జవాబు చెప్పక తప్పదు.

వచ్చే జుమా నాడే ప్రతి మస్జిద్ నుండి ఐదుగురు ఈ పనికి ముందుకు రావాలని కోరుతున్నాము. అల్లాహ్ మన అడుగులను స్థిరపరచుగాక. ఆమీన్.