నలభై ఏడేళ్లకు ఇల్లు: కొనడమా, అద్దెకుండడమా?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆస్తి హక్కు అనగానే మనం భూమి గురించీ, పుట్టింటి వాటా గురించీ మాట్లాడుకుంటాం. మన జీతంతో మనం కొనుక్కునే రెండు గదుల గురించి మాట్లాడుకోం. అది ఎవరి సొంత గొడవ వాళ్లదనుకుంటాం. నా వయసు 47. భర్తతో విడిపోయి చాలా కాలమైంది గానీ కోర్టు విడాకులు లేవు. పిల్లలు లేరు. ఎనిమిదేళ్లుగా నేనూ, నా స్నేహితురాలూ హైదరాబాదులో ఒకే అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఇప్పుడు ఇల్లు కొనాలా వద్దా అన్నది మా ముందున్న ప్రశ్న.

ముందు లెక్క చెబుతాను. 9 శాతం వడ్డీకి 20 లక్షల అప్పు తీసుకుంటే, ముప్పై ఏళ్ల అమ్మాయి 20 ఏళ్ల గడువు పెట్టుకుని నెలకు 18 వేలు కడుతుంది. 60కి రిటైరయ్యే నాకు 13 ఏళ్లే గడువు. నెలకు సుమారు 21,800. మొత్తం 34 లక్షలు. ప్రస్తుతం మా అద్దె 12 వేలు. ఏటా 5 శాతం పెంచినా 13 ఏళ్లకు కట్టేది పాతిక లక్షల పైచిలుకే. అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన ఈ కాగితం చూసి "అద్దెకే ఉండండి, మిగిలింది బ్యాంకులో వేసుకోండి" అన్నారు. ఆయన లెక్క సరైనదే. కానీ అదే లెక్కలో నాకు అరవై వచ్చేసరికి అద్దె 22,600 అవుతుంది. జీతం ఆగిపోయే సమయానికి అద్దె వాయిదాను దాటుతుంది, ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటుంది.

ఇక లెక్కలోకి రానివి. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి గనుక, ఇళ్లవాళ్లు 11 నెలలకే రాసిస్తారు. అంటే పదకొండు నెలలకోసారి "మీవారేం చేస్తారు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. ఒక ఇంటాయన మా ఇంటికి మీటింగులకు ఆడవాళ్లు ఎక్కువగా వస్తున్నారని ఖాళీ చేయమన్నాడు.

ఇల్లు చేతిలో ఉంటే ఏమవుతుందో పరిశోధన కూడా చెప్పింది. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో పెళ్లయిన స్త్రీలపై ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. భూమీ ఇల్లూ రెండూ లేనివారిలో 49 శాతం మంది భర్త చేతిలో శారీరక హింసకు గురయ్యారు. ఇల్లు మాత్రమే ఉన్నవారిలో అది 10 శాతం, రెండూ ఉన్నవారిలో 7 శాతం. వెళ్లడానికో చోటుందని భర్తకు తెలియడమే కొంత రక్షణ. మన దగ్గరకు సలహా కోసం వచ్చే స్త్రీలను చూస్తే ఇది మనకు కొత్త సంగతేమీ కాదు.

బ్యాంకులో అప్పుకు తోడుగా సంతకం పెట్టడానికి భర్తనో, సోదరుణ్ణో తీసుకురమ్మన్నారు. ఎనిమిదేళ్లుగా సగం అద్దె కడుతున్న స్నేహితురాలు పనికిరాదట! కొన్నాక మరో చిక్కు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, వీలునామా రాయకుండా చనిపోయిన స్త్రీ స్వార్జితం మొదట పిల్లలకూ భర్తకూ, వాళ్లు లేకపోతే భర్త వారసులకూ చెందుతుంది. ఆ తర్వాతే తల్లిదండ్రులు. పెళ్లయిన మూడు నెలలకే భర్త చనిపోతే అత్తింటివాళ్లు నారాయణీదేవిని వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసింది. ఆమె వీలునామా లేకుండా చనిపోతే, ఆమె సంపాదన భర్త అక్కచెల్లెళ్ల కొడుకులకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కాబట్టి నా చేత వాయిదాలు కట్టించుకున్న ఇల్లు, నేను ఏమీ రాయకుండా పోతే, ఏళ్ల తరబడి మొహం చూడని మనిషికి వెళ్తుంది. నా స్నేహితురాలు వీధిలో ఉంటుంది.

మేము కొనాలనే నిర్ణయించుకున్నాం. ఊరి చివర, పాత అపార్టుమెంటులో, లిఫ్టుకు దగ్గరగా. అయితే అమ్మకపు ఒప్పందం కంటే ముందు వీలునామా రాస్తున్నాను. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదుగానీ, మనలాంటివాళ్లు చేయించుకోవడమే మంచిది. విడిగా ఉంటూ విడాకులు తీసుకోనివాళ్లు ఈ గదిలో నేనొక్కదాన్నే కానని నాకు తెలుసు. భోజనాలయ్యాక ఒక గంట ఈ పనికి కేటాయిద్దాం. లాయరు మిత్రురాలు ఉంటానన్నారు.