నీలిమందు తొట్టి, బ్యూరెట్టు
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



పంచాంగ శ్రవణం ముగిసి, వేపపువ్వు చేదు ఇంకా నాలుక మీద ఉండగానే రసాయనశాస్త్రం గురించి మాట్లాడమని నన్ను నిలబెట్టారు. భయపడకండి, సమీకరణాలు చెప్పను. మన షోలాపూరు తెలుగు ఇంటి పిల్లవాడు కాలేజీలో ఈ శాస్త్రం చదివితే ఏం నేర్చుకొంటాడో, నా అనుభవంలోంచి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఏటా వేసవిలో ఎవరో ఒకరు మా ఇంటికి వస్తారు. "ఇంజనీరింగులో సీటు దొరకలేదు సారూ, పోనీ కెమిస్ట్రీలో వేద్దామా?" అంటారు. ఆ 'పోనీ' అన్న మాట దగ్గరే నాకు పేచీ.

నేను 1972లో బి.ఎస్సీ.లో చేరాను. అప్పుడు మన ఊరి కాలేజీలు కొల్హాపురంలోని శివాజీ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. షోలాపూరుకు సొంత విశ్వవిద్యాలయం 2004లో గాని రాలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, తరగతిలో ఇంగ్లీషు. మొదటి ఆరు నెలలు నాకు పాఠం అర్థం కాలేదంటే అతిశయోక్తి కాదు.

మా నాయన నూలుకు రంగు వేసేవాడు. పెరట్లో నీలిమందు తొట్టి ఉండేది. నీలిమందు ఉత్త నీళ్లలో కరగదు గదా. కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైటు వేస్తే తొట్టిలో నీలం విరిగిపోయి నీరు పసుపుపచ్చగా తిరుగుతుంది. తెల్లని చిలప ముంచి పైకి తీస్తే ఆకుపచ్చగా వస్తుంది. గాలిలో ఆడిస్తూ ఉంటే కళ్లముందే నీలంగా మారుతుంది. నేను తొందరపడి మళ్లీ ముంచబోతే, "గాలి తాగనియ్యిరా కొడుకా, దానికి ఆకలైతున్నది" అనేవాడు నాయన.

రెండవ ఏడు పాఠంలో నీలిమందు వచ్చింది. తొట్టిలో జరిగేది క్షయకరణమట. కరగని నీలం కరిగే రూపానికి దిగుతుంది, నూలులోకి చొరబడుతుంది. బయట గాలిలోని ఆక్సిజన్ దాన్ని మళ్లీ కరగని నీలంగా చేసి పోగులోనే బంధిస్తుంది. అందుకే ఉతికితే పోదు. నేను పరుగెత్తుకొని వచ్చి ఇదంతా నాయనకు చెప్పాను. ఆయన ఓపికగా విని, "మంచిది. పేరు నువ్వు పెట్టు, చెయ్యి నేను పెడత" అన్నాడు. ఆ రోజునుంచి నాకు ఇంగ్లీషు పాఠం తెలుగులో అర్థం కావడం మొదలైంది.

రంగుల చరిత్ర అంతా విద్యార్థులదే అనిపిస్తుంది నాకు. 1856లో లండనులో విలియం పెర్కిన్ అనే 18 ఏండ్ల విద్యార్థి, ఈస్టరు సెలవుల్లో ఇంటి దగ్గర క్వినైన్ తయారు చేయబోయాడు. మిగిలింది నల్లటి మడ్డి. మరొకడైతే పారబోసేవాడే. అతడు దాన్ని ఆల్కహాలులో కరిగించి చూస్తే ఊదారంగు తేలింది! అదే మావ్, కృత్రిమ రంగుల పరిశ్రమ దానితోనే నడక నేర్చింది. తరువాత బేయర్ అనే జర్మను పండితుడు నీలిమందు అణువు కట్టడం తేల్చాడు, 1905లో నోబెల్ బహుమానం పొందాడు. 1897లో జర్మనీవారి ఫ్యాక్టరీ నీలిమందు బజారుకు వచ్చింది. మన దేశంలో నీలిమొక్క సాగు క్రమంగా దెబ్బతిన్నది. ఇన్ని బతుకులు తారుమారు చేసిన శాస్త్రానికి 'పోనీ' ఏమిటి చెప్పండి!

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పెర్మాంగనేటుతో ఆగ్జాలిక్ ఆమ్లాన్ని కొలిచే ప్రయోగం. (ఆ విషాన్ని మేము పిపెట్టుతో నోటితోనే పీల్చేవాళ్లం! ఇప్పుడు రబ్బరు బుడ్డి వచ్చింది, బతికిపోయారు.) ఆమ్లాన్ని సుమారు 60 డిగ్రీలకు వేడిచేసి, బ్యూరెట్టునుంచి చుక్కచుక్కగా వదలాలి. మొదటి చుక్క గులాబిరంగు ఎంతకూ పోదు. పోయిందాకా ఆగాలి. కొంత మాంగనీసు లవణం పుట్టాక అదే చర్యకు ఊపు ఇస్తుంది. తరువాతి చుక్కలు పడీపడకముందే రంగు విరుగుతుంది. అట్లా మూడుమార్లు చేసి, లెక్కలు కుదిరితేనే రాయాలి.

ఆ సాయంత్రం సినిమాకు పోవలసి ఉంది. నేను సరిగా వేడి చేయకుండానే ఒక్కమారు చేసి, 20.0, 20.0, 20.0 అని మూడు అంకెలు రాసి పుస్తకం ఇచ్చాను. మా లెక్చరరు పుస్తకం చూడలేదు, నా బ్యూరెట్టు చూశారు. 50 మిల్లీలీటర్ల గొట్టం. ద్రవం 20 దగ్గర నిలిచి ఉంది. "రెండోసారి, మూడోసారి దేనితో చేశావు?" అన్నారు. అందరిముందు మళ్లీ చేయించారు. సరిగా వేడి చేస్తే 20.6, 20.5, 20.5 వచ్చింది. అంటే నేను కాపీ కొట్టింది కూడా తప్పు అంకెనే! చల్లగా ఉంటే రంగు తొందరగా నిలిచిపోయి, అయిపోయిందని మోసపోతాము.

ఇంటికి పోయి చెబితే నాయన కోప్పడలేదు. "ఒక్క చిలప ముంచి మూడింటికి లెక్క రాస్తే, సావుకారి గడప తొక్కనిస్తరారా?" అని మాత్రం అడిగాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. సినిమా సంగతి సరేసరి.

ఇప్పుడు సెల్‌ఫోనులో ఈ ప్రయోగం వీడియోగా దొరుకుతుంది. రంగు చక్కగా కనబడుతుంది కూడా. కాని మొదటి చుక్క కోసం ఆగడం వీడియోలో కత్తిరించేస్తారు.

కాబట్టి పిల్లలను చేర్పించేముందు ఫీజు ఎంతని అడగండి, తప్పులేదు. దానితోపాటు ప్రయోగశాల తలుపు తీయించి చూడండి. బర్నరు వెలుగుతుందా? ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యూరెట్టు ఉందా, నలుగురికి ఒకటా? వారానికి ఎన్ని పూటలు పిల్లలు అక్కడ నిలబడతారు? ఇంగ్లీషు అడ్డమొస్తే ఆదివారాలు నా దగ్గరికి పంపండి. తెలుగులో, మరాఠీలో, ఎట్లా కావాలంటే అట్లా చెబుతాను. నాయన తొట్టి ఇంకా పెరట్లోనే ఉంది. పసుపు నీలమయ్యేది వాళ్లకు అక్కడే చూపిస్తాను.

సెలవు.