ఆగాల్సినప్పుడే ఆగాలి



సాలూరు లారీల ఊరు. ఎయిర్‌లైన్ లీకై గాలి ప్రెషర్ పడిపోతే బండికి స్ప్రింగ్ బ్రేకు దానంతటదే పట్టేస్తుందని ఇక్కడి పిల్లలకు చెప్పక్కర్లేదు. మన దేశంలోని చాలా భారజల అణు రియాక్టర్లూ ఆ తీరుగానే ఆగుతాయి. షట్‌డౌన్ రాడ్లను కరెంటుతో పనిచేసే క్లచ్చులు పైన పట్టుకుని ఉంటాయి. సంకేతం రాగానే కరెంటు తెగుతుంది, రాడ్లు క్షణాల్లో కోర్‌లోకి పడతాయి. అదే ట్రిప్.

ఆపదలో ట్రిప్ కావాల్సిందే. ఒక సెన్సరు తప్పు చూపించిందనో, రిపేరు చేస్తున్న చెయ్యి పక్క వైరుకు తగిలిందనో ఆగితే మాత్రం నష్టమే. పైపులూ వాల్వులూ ఉష్ణోగ్రత కుదుపులకు గురవుతాయి. కోర్‌లో న్యూట్రాన్లను మింగేసే జినాన్ పేరుకుంటుంది. దాదాపు అరగంటలోగా మళ్లీ నడపలేకపోతే, అది తగ్గడానికి ఒకటిన్నర రోజు దాకా ఎదురుచూడాలి.

అందుకే మూడు వేర్వేరు సెన్సరు చానళ్లు పెట్టి, రెండు ఒప్పుకుంటేనే ట్రిప్ అయ్యేలా అమరుస్తారు. ఒకటి చెడి అరిచినా రియాక్టరు ఆగదు, ఒకటి మూగబోయినా రక్షణ పోదు. ఇంత చక్కటి ఆలోచన ఇంజినీరింగులో అరుదని నా అభిప్రాయం. ఇలాంటి కంట్రోల్ పరికరాలు చేసే ఈసీఐఎల్ 1967లో హైదరాబాద్‌లో పుట్టింది. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్. రావుగారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. ఊరికే ఆగకపోతే ఎంతకాలం నడవొచ్చో చూడండి: కర్ణాటకలోని కైగా అణుకేంద్రం మొదటి యూనిట్ 2018 డిసెంబరు 31 నాటికి 962 రోజులు ఏకబిగిన నడిచి అప్పటి ప్రపంచ రికార్డు సాధించింది.

అయితే 1983 ఫిబ్రవరిలో అమెరికాలోని సేలం అణుకేంద్రంలో జరిగింది వినండి. ట్రిప్ సంకేతం వచ్చింది, రాడ్ల కరెంటు తెంచే బ్రేకర్లు తెరుచుకోలేదు. ఆపరేటర్లు అరనిమిషంలోపు చేత్తో ఆపారు. విచారిస్తే, బ్రేకర్లలోని ఓ చిన్న భాగానికి సరైన లూబ్రికేషన్, మెయింటెనెన్స్ లేవని తేలింది. ఊరికే ఆగకుండా చేసేదీ, ఆగాల్సినప్పుడు ఆపేదీ ఒకే పని: శ్రద్ధగా చేసే మెయింటెనెన్స్. ట్రిప్‌లు తగ్గాలని హద్దులు సడలించడం, సంకేతాలను బైపాస్ చెయ్యడం ఆ పని కాదు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. అక్కడి మత్స్యకారుల భయాలు న్యాయమైనవి, వాటికి జవాబు చెప్పాల్సింది రేపటి ఇంజినీర్లే. పట్టభద్రులారా, మీలో ఎవరైనా రియాక్టరు కంట్రోల్ రూముకు వెళితే, ట్రిప్ అయిన మర్నాడు "సెన్సరు మార్చాం" అని రాసి ఫైలు మూసెయ్యకండి. అది ఎందుకు చెడిందో, అలాంటివి ఇంకెక్కడున్నాయో వెతకండి. వైరు తగిలించిన టెక్నీషియన్ భయపడకుండా వచ్చి, "నా చెయ్యే తగిలిందండీ" అని చెప్పగలిగేలా చూసుకోండి.